సంగారెడ్డి పాత జైలు, మా తమ్ముడు, వట్టికోట ఆళ్వారుస్వామి

కొన్నేళ్ళ కిందటి మాట. దసరా సెలవుల్లో పిల్లలు ఒకటే గోల, ఎక్కడికైనా తీసుకుపొమ్మని. మా ఆయనకు షిఫ్టులు. కాజీపల్లిలో ఉండే ఆడవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ షిఫ్టు ఉంటే ఆ రోజు ఇంట్లో వంట టైము, నిద్ర టైము, ఊరికి పోయే టైము అన్నీ దాని ప్రకారమే. చివరికి మా తమ్ముడు వచ్చి, "నేను తోలుకపోత గదా అక్కా" అన్నాడు. ఎక్కడికి పోదామంటే మా చిన్నోడు టక్కున సంగారెడ్డి జైలు మ్యూజియం అన్నాడు. బళ్ళో ఎవరో పోయొచ్చారట.

తమ్ముడి ముఖం ఒక్క క్షణం మారింది. నేను చూశాను. కాదనడానికి నోరు తెరిచేలోపే వాడే "సరే పోదాం పట్టు" అనేశాడు.

ఔటర్ దాటి, పటాన్‌చెరు మీదుగా ముంబై హైవే ఎక్కి సంగారెడ్డి పోయాం. ఆ జైలు 1796లో కట్టింది. నిజాముల కాలం నాటి రాతి గోడలు. ఖైదీలను కొత్త జైలుకు మార్చాక ఇది ఖాళీ అయింది, 2016లో మ్యూజియం చేశారు. అప్పట్లో పేపర్లన్నీ దీని గురించే రాశాయి. ఐదు వందల రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలాగా లోపల ఉండొచ్చు, ఖైదీ బట్టలు ఇస్తారు, పళ్ళెం, గ్లాసు ఇస్తారు, జైలు తిండి పెడతారు అని. మా పిల్లలకు అదే సంబరం.

గేటు దగ్గరికి పోయాక తమ్ముడు ఆగిపోయాడు.

"మామా, రా" అని మా బిడ్డ చెయ్యి పట్టి గుంజింది.

"మీరు చూసి రాండ్రి బిడ్డా. నేను బండి కాడ ఉంట."

వాడు చెట్టు కింద నిలబడ్డాడు. మేం లోపలికి పోయాం. గోడల మందం చూశాం, ఇనుప చువ్వలు పట్టుకుని పిల్లలు ఫోటోలు దిగారు. మా చిన్నోడు ఒక గదిలోకి దూరి, "నన్ను బెయిల్ మీద విడిపించు మమ్మీ" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు వాడు అడిగిన ఒక్క మాట మాత్రం మనసులో ఉండిపోయింది. "పైసలిచ్చి మరీ జైల్ల ఎందుకుంటరు మమ్మీ?"

ఎందుకంటే, మర్నాడు పొద్దున తలుపు తీస్తారని తెలుసు కాబట్టి. ఎప్పుడు తీస్తారో తెలియనివాడికి అది మ్యూజియం కాదు.

మా తమ్ముడు ఇరవై మూడు రోజులు రిమాండులో ఉన్నాడు. ఈ బెల్టులోనే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేసేవాడు. రెండు నెలల జీతం ఆగితే పది మంది గేటు దగ్గర కూర్చున్నారు. మాటా మాటా పెరిగింది, ఎవరో రాయి విసిరారు. కేసులో మా వాడి పేరు కూడా పడింది. తర్వాత ఆ కేసు కొట్టేశారు. కానీ ఆ ఇరవై మూడు రోజులు మా అమ్మ చుట్టాలందరికీ "మా పిల్లగాడు బొంబాయి పోయిండు, పని నేర్సుకుంటందుకు" అని చెప్పింది. వాడు వచ్చాక కూడా ఇంట్లో ఆ ముచ్చట ఎవరం ఎత్తలేదు. ములాఖాత్‌కు నేను రెండుసార్లు పోయాను. జాలీ అవతల వాడు, ఇవతల నేను. "బాగున్నవా" అంటే "బాగున్న" అన్నాడు. అంతే.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక నాకు వట్టికోట ఆళ్వారుస్వామి గుర్తొచ్చాడు.

డిగ్రీలో మా తెలుగు సార్ "ప్రజల మనిషి" నవల చదవమనేవారు. తెలంగాణ నుంచి వచ్చిన మొదటి నవలల్లో ఒకటి, రచయిత వట్టికోట, 1955. పరీక్షకు ఇంత చాలు. నేనూ అంతే చదివాను. అసలు మనిషి గురించి చదివింది మాత్రం పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక.

ఆళ్వారుస్వామి 1915 నవంబర్ 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇల్లు గడవాలి. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపనికి కుదిరాడు. పొయ్యి ముందు కూర్చుని అన్నం వండుతూ, ఆ ఇంట్లో ఉన్న పుస్తకాలతో చదువు నేర్చుకున్నాడు. తర్వాత విజయవాడ పోయి హోటల్లో సర్వర్‌గా చేశాడు. ఈ రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగాను. మనం చదివే రచయితల జీవిత చరిత్రల్లో తాత గారి గ్రంథాలయం ఉంటుంది, నాన్న గారి ప్రోత్సాహం ఉంటుంది. ఈయనకు ఉన్నది ఒక పొయ్యి, నాలుగు ఎంగిలి పళ్ళేలు. మా కాజీపల్లి సెంటర్లో టీ హోటల్లో గ్లాసులు కడిగే ఒడిశా పిల్లగాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. వాడి సంచిలో ఏ పుస్తకం ఉందో ఎవరికి తెలుసు?

హైదరాబాద్ వచ్చాక ఆళ్వారుస్వామి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరాడు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో పెట్టిన పత్రిక అది. ఉర్దూ రాజ్యంలో తెలుగు అచ్చులో కనపడితేనే గొప్ప అనుకునే రోజులు. బడిలో చదువు ఉర్దూలో, కచేరీలో కాగితం ఉర్దూలో. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అని దానికి ఒక ఉత్తర్వు. అట్లాంటి రోజుల్లో 1930లో మొదటి ఆంధ్రమహాసభ జరిగింది. ఎక్కడనుకున్నారు? మన జోగిపేటలో. సురవరం వారే అధ్యక్షులు. సంగారెడ్డి నుంచి బస్సెక్కితే దిగే జోగిపేట. మనం సంతకు పోయే ఊరు, చుట్టాల పెళ్ళికి పోయే ఊరు. అక్కడ మొదలైన సభే పదేళ్ళు తిరిగేసరికి పల్లెపల్లెకూ పాకి, వెట్టి చాకిరీ గురించి, దొరల గడీల గురించి మాట్లాడే సంఘం అయింది. ఊళ్ళో జనం దాన్ని ఉత్త "సంగం" అనేవారు.

1938లో ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. చేతిలో పెట్టుబడి లేదు. పుస్తకాలు అచ్చు వేయించడం, వాటిని మూట కట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మడం. ముప్పైకి పైగా పుస్తకాలు ఆ గ్రంథమాల నుంచి వచ్చాయి. దుకాణంలో కూర్చుని అమ్మిన మనిషి కాదు. చదివేవాళ్ళు ఉంటారో లేదో తెలియని ఊళ్ళకు నడిచి పోయి, చదివేవాళ్ళను తయారు చేసిన మనిషి. మా నాయిన వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పేవారు, అప్పట్లో పుస్తకం చేతిలో కనపడితే దొర మనుషులు ఎందుకు, ఎక్కడిది అని అడిగేవారట. పుస్తకం పట్టుకోవడమే అనుమానం.

ఇక జైలు సంగతి.

ఆయన రెండుసార్లు బంధిఖానాలో ఉన్నాడు. మొదటిది 1942. బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. దేశమంతా క్విట్ ఇండియా. ఆ ఉద్యమంలో దిగినందుకు ఏడాది శిక్ష. రెండోది 1946లో మొదలై 1951 దాకా సాగింది. ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో తెలంగాణలో ఏమేం జరిగిందో వరుసగా చెప్పుకుంటే ఆ ఖైదు ఎంత పొడుగో అర్థమవుతుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు, సాయుధ పోరాటం రాజుకుంది. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ సంస్థానానికి రాలేదు. రజాకార్ల దాడులు పెరిగాయి. మా అత్తమ్మ వాళ్ళ అమ్మ చెప్పేది, వాళ్ళు వస్తున్నారంటే చంటిపిల్లల నోట్లో గుడ్డ కుక్కి జొన్న చేలల్లో దాక్కునేవాళ్ళమని. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. మన పెద్దలు దాన్ని పోలీస్ యాక్షన్ అంటారు కానీ వచ్చింది ట్యాంకులూ విమానాలే. యుద్ధమే అది. ఇంత జరుగుతున్నా ఆళ్వారుస్వామి మాత్రం గోడల లోపలే ఉన్నాడు.

నిజామాబాద్ ఖిల్లా జైల్లో ఆయనతో పాటు ఒక కుర్రవాడు ఉండేవాడు. ఇరవై రెండేళ్ళ దాశరథి కృష్ణమాచార్య. నిజాం మీద పద్యాలు చదివినందుకు పట్టుకొచ్చి పడేశారు. లోపల కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికి బొగ్గు ఉండేది. ఆ బొగ్గుతో దాశరథి జైలు గోడ మీద పద్యం రాశాడు. జైలు వాళ్ళు చూసి చెరిపేశారు, దెబ్బలు పడ్డాయి. మళ్ళీ రాశాడు. ఆ పద్యాలు పుడుతుంటే పక్కనే ఉండి విన్న మనిషి ఆళ్వారుస్వామి. ఆ జైలు మీద రజాకార్లు దాడి చేసిన సంగతి కూడా దాశరథి తర్వాత రాశారు. ఆలోచించండి, జైల్లో ఉన్నవాళ్ళు పారిపోలేరు, తలుపు వేసుకుని దాక్కోలేరు. తాళం వాళ్ళ చేతిలో ఉండదు కదా.

1949లో దాశరథి మొదటి పుస్తకం "అగ్నిధార" అచ్చయింది. దాన్ని ఆళ్వారుస్వామికి అంకితమిచ్చారు. అప్పటికి నిజాం పోయి ఏడాది కావస్తోంది. కానీ అంకితం తీసుకున్నాయన ఇంకా లోపలే. నిజాం పట్టుకెళ్ళిన మనిషిని, నిజాంను దింపిన ప్రభుత్వం వదలలేదు. ఆయన కమ్యూనిస్టు కాబట్టి. పార్టీ ఆయుధం దించకుండా పోరాటం సాగించింది, ప్రభుత్వం వాళ్ళ వెంట పడింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. ఆ ఏడే ఆయన బయటికి వచ్చాడు.

ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది పెద్దవాళ్ళు పుస్తకాలు రాసుకున్నారు, నేను అందులోకి పోను. నాకు అర్థమైనంత వరకు చెప్పేది ఒకటే. ఊరంతా జెండాలు ఎగరేసి స్వీట్లు పంచుకున్న రోజు కూడా కొన్ని ఇళ్ళల్లో ఒక పళ్ళెం ఖాళీగానే ఉండింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న పుస్తకం దగ్గరికి వస్తాను. బయటికి వచ్చిన మర్నాడో మాపో ఇంకొకరైతే ఏం రాస్తారు? తన త్యాగం రాస్తారు. తను తిన్న దెబ్బలు రాస్తారు. ఈయన 1952లో తెచ్చిన కథల పుస్తకం పేరు "జైలు లోపల". అందులో ఉన్నది ఆయన కాదు. మామూలు ఖైదీలు. దొంగతనం చేసినవాడు, కోపంలో చెయ్యి చేసుకున్నవాడు, చేయని నేరం మెడకు చుట్టుకున్నవాడు, చేసిన నేరానికి కుమిలిపోయేవాడు. రాజకీయ ఖైదీ అంటే జైల్లో కూడా కాస్త గౌరవం ఉంటుంది. ఆ గౌరవం లేనివాళ్ళ పక్కన కూర్చుని, నీ కథ ఏంది అని అడిగాడు. పుట్టుకతో ఎవరూ నేరస్తులు కారు, పేదరికం, పరిసరాలు మనిషిని అక్కడికి తోసుకొస్తాయి అన్నది ఆ కథల వెనక కనపడే నమ్మకం. వంటింట్లో పెరిగిన మనిషి కాబట్టేమో, ఎవరి పళ్ళెంలో ఏముందో చూసే చూపు ఆయనకు అలవాటు.

ఆ పుస్తకం చదివేటప్పుడు నాకు సిగ్గు వేసింది. ఐదేళ్ళు లోపలున్న ఆయన పక్క ఖైదీని అడిగిన మాట, సొంత తమ్ముణ్ణి నేను అడగలేదు.

పోయినేడు మా ఆయన, చిన్నోడు కలిసి టీవీలో "షోగన్" సిరీస్ చూశారు. జపాన్, కత్తులు, సముద్రం. 1600 ప్రాంతంలో జపాన్ ఒడ్డుకు కొట్టుకొచ్చి వాళ్ళకు బందీ అయిన ఒక ఇంగ్లీషు నావికుడి కథ. ఇది ఎవరు రాశారు అని చిన్నోడు అడిగితే వెతికాను. జేమ్స్ క్లావెల్. ఈయన కథ కూడా ఖైదు కథే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేస్తూ 1942లో జావాలో జపాన్ వాళ్ళకు చిక్కాడు. సింగపూర్‌లోని చాంగీ జైల్లో పడ్డాడు. యుద్ధం ముగిసేదాకా అక్కడే. ఆకలి ఎంత పట్టుకుందంటే, బయటికి వచ్చాక కూడా జేబులో ఒక చేపల డబ్బా పెట్టుకుని తిరిగేవాణ్ణని తర్వాత చెప్పుకున్నాడు. తర్వాత హాలీవుడ్‌లో సినిమా రచయిత అయ్యాడు. చాంగీ గురించి పదిహేనేళ్ళు నోరు విప్పలేదు. 1960లో అక్కడ సినిమా రచయితలు సమ్మె చేస్తే పని లేక ఇంట్లో కూర్చుని మొదటి నవల "కింగ్ రాట్" రాశాడు. 1962లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన "ది గ్రేట్ ఎస్కేప్" సినిమా స్క్రీన్‌ప్లేలో ఆయన చెయ్యి ఉంది. అదీ యుద్ధ ఖైదీల కథే. 1975లో "షోగన్" రాశాడు. తనను ఆకలితో మాడ్చిన దేశం గురించే, దాని మర్యాదల గురించి, దాని మనుషుల గురించి అంత గౌరవంగా రాశాడు.

క్లావెల్‌కూ మన ఆళ్వారుస్వామికీ పోలిక ఎక్కడ? ఒకరు సైనికుడు, ఒకరు పుస్తకాలమ్ముకునే కార్యకర్త. ఒకరు కోట్లు చూశారు, ఒకరికి అచ్చు ఖర్చులకే తిప్పలు. కానీ ఇద్దరూ లోపల ఉన్నప్పుడు కాపలావాడి వైపు కన్నా పక్కనున్న ఖైదీ వైపు ఎక్కువ చూశారు. "కింగ్ రాట్"లో కూడా ముఖ్యమైన మనిషి జపాన్ అధికారి కాదు, ఖైదీల మధ్యే వ్యాపారం చేసుకుంటూ బతికేసే ఒక అమెరికన్ సిపాయి. అన్నం దొరకని చోట మనిషి ఏమవుతాడు అన్నదే ఇద్దరి ప్రశ్న. ఇంకో పోలిక కూడా ఉంది. క్లావెల్ నోరు విప్పడానికి పదిహేనేళ్ళు పట్టింది. మా ఇంట్లో ఆరేళ్ళు దాటింది.

జైల్లో పుట్టిన తెలుగు పుస్తకాలు అంతకుముందూ ఉన్నాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు "మాలపల్లి"ని రాయవెల్లూరు జైల్లో రాశారు, ఇంగ్లీషు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" బయటికి వచ్చాక రాసిందే అయినా జైలు వాసన దాన్ని వదల్లేదు. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాల్‌రావు అనే దొర, కంఠీరవం అనే యువకుడు. వెట్టి, అప్పులు, భూములు గుంజుకోవడం. కంఠీరవం కూడా జైలుకు పోతాడు. గొప్ప వీరుడిలా కత్తి తిప్పడు. చదువుకుంటాడు, చదివిస్తాడు, జనంలో కలిసి తిరుగుతాడు. ఆ తర్వాతి కాలాన్ని చెప్పడానికి "గంగు" అనే నవల మొదలుపెట్టారు. అది పూర్తి కాలేదు. 1961 ఫిబ్రవరి 5న ఆయన కన్నుమూశారు. నలభై ఐదేళ్ళు. "గంగు" ఆయన పోయాకే అచ్చయింది.

ఆ 1961లోనే ఆయన జైలు స్నేహితుడు దాశరథి "వాగ్దానం"తో సినిమా పాటల్లోకి అడుగుపెట్టారు. మన అమ్మలు రేడియోలో విని పాడుకున్న పాటలు ఎన్నో ఆయనవి. అంత మెత్తటి ప్రేమ పాటలు రాసిన చెయ్యి, ఒకప్పుడు బొగ్గు పట్టి జైలు గోడ మీద నిజాంను తిట్టిన చెయ్యే. దాశరథి గారి తమ్ముడు రంగాచార్య రాసిన "చిల్లర దేవుళ్ళు" 1977లో సినిమాగా వచ్చింది. ఆ తర్వాత గౌతం ఘోష్ "మా భూమి" తీశారు. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. ఆ నవలలో రాఘవరావు అనే రైతుబిడ్డ ఉరికంబం ఎక్కే ముందు రాత్రి జైల్లో కూర్చుని తన బతుకంతా తలుచుకుంటాడు. చూడండి, మన పోరాటం తెర మీదికి వచ్చినప్పుడు కూడా అది జైలు గది గుండానే వచ్చింది. ఆళ్వారుస్వామి నవలలకు మాత్రం అంత పేరు రాలేదు. పాట నోటికి ఎక్కుతుంది, సినిమా కంటికి ఎక్కుతుంది, పుస్తకం మాత్రం ఎవరో భుజాన మోసుకొచ్చి చేతిలో పెట్టాలి. ఆయన కోసం అట్లా మోసేవాళ్ళు తక్కువయ్యారేమో.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మా తమ్ముడికి ఒక సంబంధం వచ్చింది. జిన్నారం దిక్కు నుంచి. పిల్ల డిగ్రీ చదివింది, మా వాడికి నచ్చింది, వాళ్ళకూ మా వాడు నచ్చాడు. మాటలు కుదిరేదాకా వచ్చాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఆ ముచ్చట వాళ్ళకు తెల్వనియ్యకు బిడ్డా. కేసు గూడ లేదు గద ఇప్పుడు" అంది.

నేను ఏం చెప్పాలో తెలియక గిన్నెలు సర్దుతూ నిలబడ్డాను. అమ్మ భయం నాకు తెలుసు. అన్యాయంగా కేసులో ఇరికించారని మనకు తెలుసు కానీ లోకానికి "జైలుకు పోయొచ్చినోడు" అన్న నాలుగు అక్షరాలే వినిపిస్తాయి. స్వాతంత్ర్యం కోసం పోతే పింఛను, పూలదండ. జీతం అడిగి పోతే సంబంధం చెడుతుంది. ఆళ్వారుస్వామి "జైలు లోపల"లో చూపించింది ఈ తేడానే. లోపల ఎవరు గొప్ప ఖైదీ, ఎవరు తక్కువ ఖైదీ అన్నది గోడ బయట ఉన్నవాళ్ళు వేసే లెక్క.

ఆ రోజు సాయంత్రం తమ్ముడు ఇంటికి వచ్చినప్పుడు వాడికి ఆ పుస్తకం ఇచ్చాను. పుస్తకాలు చదివే అలవాటు లేదు వాడికి. రెండు రోజులకు ఫోన్ చేశాడు.

"అక్కా, గిదెప్పటి పుస్తకం?"

"1952ల వచ్చింది."

"లోపలి మనుషులు గిట్లనే ఉంటరక్కా. ఏం మారలే."

కాసేపు ఆగి, "నా పక్కన ఒకాయన ఉంటుండె. ముసలాయన. రాత్రి నిద్రల మనుమరాలి పేరు పిలుస్తుండె" అన్నాడు. అంతే చెప్పాడు. కానీ ఆరేళ్ళలో వాడు ఆ రోజుల గురించి చెప్పిన మొదటి మాట అదే.

ఆదివారం పిల్ల తండ్రి, బాబాయి వచ్చారు. చాయ్ ఇచ్చాక తమ్ముడే మొదలుపెట్టాడు. "మామా, మీకొక మాట చెప్పాలె" అని మొత్తం చెప్పాడు. గేటు ముందు కూర్చోవడం, రాయి, కేసు, ఇరవై మూడు రోజులు, కేసు కొట్టేసిన కాగితం. అమ్మ తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పిల్ల తండ్రి కాగితం చూసి మడిచి ఇచ్చాడు. "ఇంటికాడ మాట్లాడి చెప్తం" అని లేచారు. ఇది రాసే రోజుకు ఇంకా ఏ కబురూ రాలేదు. వస్తే మంచిదే. రాకపోతే, తర్వాత ఎవరి నోటనో విని బాధపడే పిల్ల కన్నా ముందే తెలిసి వద్దనుకున్న పిల్ల నయం.

వాళ్ళు పోయాక అమ్మ కోపంగా ఉంటుందనుకున్నాను. తమ్ముడికి అన్నం పెట్టి పక్కన కూర్చుంది. పప్పు వేసింది, పచ్చడి వేసింది. వాడు తింటుంటే చాలాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది.

"అండ్ల అన్నం ఎట్ల పెడుతుండిరి బిడ్డా? కడుపు నిండుతుండెనా?"

వాడు తల ఎత్తి అమ్మను చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున ఏం పెట్టేవారో, మాపు ఏం పెట్టేవారో, ఎవరు ఎవరికి తమ వాటా ఇచ్చేవారో. నేను లేచి ఇంకో గరిటె అన్నం తెచ్చి వేశాను. అమ్మ వింటూనే ఉంది.